చుట్టరికాల పటం గీయడం వస్తే: ఆంత్రోపాలజీ చదువు, ఉద్యోగాలు

(డిగ్రీ చివరి ఏడాది విద్యార్థులకు, వారి తల్లిదండ్రులకు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

మీ పెదనాన్న కొడుకు మీకేమవుతాడు? అన్నో, తమ్ముడో. మరి మేనమామ కొడుకు? బావో, బావమరిదో. ఇంగ్లీషులో ఇద్దరికీ కలిపి కజిన్ అని ఒక్కటే మాట. మనకు అలా కుదరదు. ఒకరు తోబుట్టువు కింద లెక్క, రెండోవాళ్లతో పెళ్లి మాటలు మాట్లాడుకోవచ్చు. నాన్న అన్నదమ్ములు పెదనాన్న, చిన్నాన్న, అంటే వాళ్లూ నాన్నలే. అమ్మ అక్కచెల్లెళ్లు పెద్దమ్మ, పిన్ని, అంటే వాళ్లూ అమ్మలే. అమ్మకు అన్నదమ్ములు, నాన్నకు అక్కచెల్లెళ్లు అనేసరికి పిలుపు మారిపోతుంది: మేనమామ, మేనత్త. మేనరికం ఎక్కడ కుదురుతుందో, ఎక్కడ కుదరదో మొత్తం ఆ పిలుపుల్లోనే ఉంది. అమెరికాలో లూయిస్ హెన్రీ మోర్గాన్ అనే న్యాయవాది 1871లో ప్రపంచంలోని చుట్టరికపు పిలుపులను పట్టికలుగా అచ్చువేసినప్పుడు, అందులో తమిళం, కన్నడంతో పాటు తెలుగు పిలుపులూ ఉన్నాయి. న్యూయార్క్ రాష్ట్రంలో ఉండే సెనెకా ఆదివాసుల పిలుపులకూ, దక్షిణ భారతంలోని పిలుపులకూ ఉన్న పోలిక చూసి ఆయన నిర్ఘాంతపోయాడు. ఆంత్రోపాలజీలో చుట్టరికాల అధ్యయనం అక్కడ మొదలైంది.

అంటే మీకు ఈ శాస్త్రంలో ఒక అధ్యాయం పుట్టుకతోనే వచ్చు. దాన్ని కాగితం మీద గీయడం, ఆ గీతను ఒక పనికి వాడటం వస్తే ఉద్యోగం దొరుకుతుంది. ఈరోజు నేను చెప్పబోయేదంతా దాని గురించే.

ముందు చదువు సంగతి. ఆంత్రోపాలజీని తెలుగులో మానవశాస్త్రం అంటాం. దానికి నాలుగు కొమ్మలు: సమాజం, సంస్కృతి ఒకటి, మనిషి శరీరం, జన్యువులు ఒకటి, తవ్వకాల్లో దొరికే పాతకాలపు మనిషి ఒకటి, భాష ఒకటి. మన దేశంలో ఈ శాస్త్రానికి మొదటి విభాగం 1920లో కలకత్తా విశ్వవిద్యాలయంలో వచ్చింది. మన వైపు విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం, తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, గచ్చిబౌలిలో హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఈ విభాగాలు నడుపుతున్నాయి. దూరవిద్యలో ఇగ్నో ఎంఏ కూడా ఉంది. ఆంధ్రప్రదేశ్‌లోని రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు ఏపీ పీజీసెట్, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయానికి సీయూఈటీ పీజీ రాయాలి. ఎంఏకి చాలాచోట్ల ఏ డిగ్రీ అయినా సరిపోతుంది. అర్హతలు మారుతుంటాయి కాబట్టి ఆ ఏడాది ప్రకటన చూసి దరఖాస్తు చేయండి, సీనియర్లు చెప్పిన పాత మాట నమ్మి కాదు.

విభాగం ఎంచుకునేటప్పుడు అందరూ ర్యాంకు అడుగుతారు. మీరు మూడు ప్రశ్నలు అడగండి. ఫీల్డ్‌వర్క్, అంటే ఊళ్లో ఉండి చేసే అధ్యయనం, ఎన్ని రోజులు? ఊళ్లో రాసిన డైరీని ఎవరు దిద్దుతారు, వారానికోసారా, చివర్లో ఒక్కసారేనా? శరీర కొలతలకూ, రక్త పరీక్షలకూ ల్యాబ్ పనిచేస్తోందా, లేక పరికరాలు బీరువాలో ఉన్నాయా? చాలా విభాగాలు రెండు నుంచి నాలుగు వారాలు ఊరికి పంపుతాయి. రెండు వారాలు నా లెక్కలో చాలవు. మొదటి వారం ఊరివాళ్లు మీకు మర్యాదగా జవాబులిస్తారు. రెండో వారంలో మిమ్మల్ని పట్టించుకోవడం మానేసి తమ పనుల్లో పడతారు. అప్పులు, పొలం గట్ల తగాదాలు, అన్నదమ్ముల పంపకాలు బయటపడేది మూడో వారంలో. మీరు వచ్చిన పని అప్పుడు మొదలవుతుంది.

ఇక ఫీల్డ్‌వర్క్. దీని మీదే ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే ఈ డిగ్రీలో మిగతాదంతా పుస్తకాల్లో దొరుకుతుంది.

విభాగం ఇచ్చిన లేఖతో సర్పంచ్‌నీ, ఊరి పెద్దనీ కలవాలి. గోండు గూడెమైతే దాని పెద్ద, పట్లాను కలవాలి. ఏజెన్సీ ప్రాంతమైతే గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏకు కూడా తెలియజేయాలి. అయితే అధికారి జీపులో ఊళ్లోకి దిగొద్దు. దిగారంటే మిమ్మల్ని ఏదో పథకం సర్వేకి వచ్చినవాళ్లనుకుంటారు. ఉన్న పశువులు లేవంటారు, లేని అప్పు ఉందంటారు. ఆ జవాబుల మీద డిజర్టేషన్ కట్టి ఏం లాభం?

మొదటి రెండు మూడు రోజులు ప్రశ్నలడగకుండా నడవండి. ఊరి పటం గీయండి: బోర్లు, బావులు, రేషన్ షాపు, అంగన్‌వాడీ, గుడి, చర్చి, శ్మశానం, ఏ వాడ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో. నీళ్లకు ఎవరు ఏ బోరు దగ్గరికి వెళ్తున్నారో గమనిస్తే ఊరి సగం చరిత్ర తెలుస్తుంది.

తర్వాత ఇంటింటి జాబితా. ఇక్కడ ఇల్లంటే ఏమిటో ముందే తేల్చుకోవాలి. ఒకే పైకప్పా, ఒకే పొయ్యా? సాధారణంగా ఒకే పొయ్యి మీద వండుకు తినేవాళ్లను ఒక ఇల్లుగా తీసుకుంటాం. ఒక విద్యార్థి పైకప్పు లెక్కనా, పక్క విద్యార్థి పొయ్యి లెక్కనా రాశారంటే రెండు జాబితాలూ కలపడానికి పనికిరావు. బృందంగా వెళ్లినప్పుడు ఎక్కువగా జరిగే తప్పు ఇదే. ఊళ్లోకి అడుగుపెట్టే ముందు రాత్రే కూర్చుని నిర్వచనాలు ఒకటి చేసుకోవాలి.

తర్వాత వంశవృక్షం. మగవారికి త్రిభుజం, ఆడవారికి వృత్తం, పెళ్లికి రెండు అడ్డగీతలు, సంతానానికి కిందికి ఒక నిలువు గీత, పోయినవారి గుర్తుకు అడ్డంగా ఒక కొట్టివేత. ఈ పద్ధతికి శాస్త్ర రూపమిచ్చిన బ్రిటిష్ ఆంత్రోపాలజిస్టు డబ్ల్యూ.హెచ్.ఆర్. రివర్స్ 20వ శతాబ్దం మొదట్లో నీలగిరుల తోడా గిరిజనుల మధ్య దాన్ని వాడాడు. గీయడం తేలిక, అడగడం కష్టం. తెలుగులో అన్న అంటే సొంత అన్న కావచ్చు, పెదనాన్న కొడుకు కావచ్చు, ఏ చుట్టరికమూ లేని పక్కింటాయన కావచ్చు. అందుకే ప్రతిసారీ ఒకే తల్లి కడుపున పుట్టారా అని అడగాలి. అత్తారింటికి వెళ్లిపోయిన ఆడపిల్లల పేర్లు ఇంటి పెద్ద చెప్పడు, మీరే గుర్తు చేయాలి. పసితనంలో పోయిన పిల్లల గురించి మెల్లగా, వీలైతే అమ్మ ఒక్కతే ఉన్నప్పుడు అడగాలి, చెప్పాలనిపించకపోతే అక్కడితో వదిలేయాలి. రెండో పెళ్లి, దత్తత, ఇల్లరికం, ఇవన్నీ మూడో నాలుగో రోజు వేరే మనిషి నోట బయటపడతాయి. పెన్సిలుతో గీయమనేది అందుకే.

వయసు అడిగితే పెద్దవాళ్లు చాలామంది ఒక అంకె చెప్పి ఊరుకుంటారు. ఆధార్ కార్డులో ఉన్నదీ ఎవరో అంచనాగా వేసిందే కావచ్చు. సంఘటనల క్యాలెండర్ దగ్గర పెట్టుకోండి. కృష్ణా తీరంలో 1977 ఉప్పెన, గోదావరి వైపు 1986 వరద, కోనసీమలో 1996 తుఫాను, విశాఖ చుట్టుపక్కల 2014 హుద్‌హుద్. ఉప్పెన నాటికి నీకు పెళ్లయిందా అమ్మా, పెద్దవాడు చంకలో ఉన్నాడా? ఇలా అడిగితే ఒకటి రెండేళ్ల తేడాతో వయసు దొరుకుతుంది.

డైరీకి రెండు దశలుంటాయి. పగలు జేబు పుస్తకంలో ముక్కలు ముక్కలుగా మాటలు రాసుకోవాలి. అదే రాత్రి కూర్చుని వాటిని విడమరచి పూర్తిగా రాయాలి. రేపు రాద్దామనుకుంటే సగం పోతుంది. పేజీని మూడు భాగాలుగా చేసుకోండి: కంటితో చూసింది, వాళ్ల నోటి మాట వాళ్ల యాసలోనే, మీకు తోచింది. ఈ మూడూ కలిసిపోయాయంటే ఆర్నెల్ల తర్వాత ఏది ఎవరి మాటో మీకే తెలియదు. రికార్డు చేస్తే, అదీ అనుమతి తీసుకున్నాకే, గంట సంభాషణను రాతలోకి దించడానికి నాలుగు నుంచి ఆరు గంటలు పడుతుందని లెక్క వేసుకోండి. గోండీ, సవర, కువి లాంటి భాషల నుంచి తెలుగులోకి తేవాలంటే ఇంకా ఎక్కువ. ఇరవై ఇంటర్వ్యూలు రికార్డు చేసుకొచ్చి, సబ్మిషన్‌కి పది రోజుల ముందు వినడం మొదలుపెట్టేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు.

కాపీల సంగతి ఒకటి. సమాజ శాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ గారు 1948లో మైసూరు దగ్గర ఒక గ్రామంలో చేసిన అధ్యయనానికి సంబంధించిన నోట్సు, ఏళ్ల తరబడి శుద్ధి చేసుకున్న మూడు కాపీలు, 1970 ఏప్రిల్‌లో అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్‌లో ఎవరో నిప్పు పెట్టడంతో కాలిపోయాయి. మూడూ ఒకే గదిలో ఉన్నాయి. ఆయన గుర్తున్నదాని ఆధారంగా పుస్తకం రాశారు, అది 1976లో వచ్చింది. అంతటి జ్ఞాపకశక్తి మనందరికీ ఉండదు. ప్రతి రాత్రి పేజీలు ఫోనులో ఫోటో తీసి, సిగ్నల్ దొరికిన చోట వేరే ఖాతాలోకి పంపండి.

ఋతువు కూడా చూసుకోవాలి. జూన్, జూలైలో విత్తనాలు వేసే రోజుల్లో ఎవరికీ మీతో మాట్లాడే తీరిక ఉండదు. అలాగని కోతలయ్యాక మాత్రమే వెళ్తే ఊళ్లో గాదెలు నిండి కనిపిస్తాయి, వానాకాలపు ఆకలి కనబడదు. వీలైతే రెండుసార్లు వెళ్లండి.

శరీర మానవశాస్త్రం తీసుకున్నవాళ్లకు కొలతలే ప్రాణం. ఎత్తు కొలిచేటప్పుడు చెప్పులు తీయించాలి, మడమలు ఆనించాలి, కంటి కింది ఎముక అంచు, చెవి రంధ్రం పై అంచు ఒకే అడ్డగీత మీదకు రావాలి. పొద్దున కొలిచిన ఎత్తుకూ సాయంత్రం కొలిచినదానికీ సెంటీమీటరు దాకా తేడా వస్తుంది కాబట్టి అందరినీ ఒకే వేళకు కొలవాలి. ఆరు నెలలు దాటిన ఐదేళ్లలోపు పిల్లల జబ్బ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువుంటే తీవ్ర పోషకాహార లోపం. టేపు బిగించి లాగితే మామూలు పిల్ల కూడా ఆ గీత కిందకు పోతుంది, వదులుగా పట్టుకుంటే జబ్బు పిల్ల తప్పించుకుపోతుంది.

ఇంత శ్రమ ఎక్కడ అక్కరకొస్తుంది? ఉద్యోగాల్లోకి వస్తున్నాను. తల్లిదండ్రులకు ఒక మాట సూటిగా చెప్పాలి. ఆంత్రోపాలజిస్టు కావలెను అన్న ప్రకటనలు అరుదు. క్యాంపస్‌కి కంపెనీలు వచ్చి వరసగా తీసుకెళ్లే చదువు ఇది కాదు. ఉద్యోగం వేరే పేరుతో ఉంటుంది, దాన్ని గుర్తుపట్టాలి. మొదటి రెండు మూడేళ్లు ప్రాజెక్టుల్లో ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్‌గా, రీసెర్చ్ అసిస్టెంట్‌గా కాంట్రాక్టు మీద పనిచేయాల్సి రావచ్చు. ఇది తెలిసే రండి.

భూసేకరణ తీసుకుందాం. 2013 చట్టం ప్రకారం సామాజిక ప్రభావ మదింపు చేయాలి, మొదలుపెట్టిన ఆరు నెలల్లో పూర్తి చేయాలి. ఆ నివేదికను పరిశీలించే నిపుణుల బృందంలో అధికారులు కాని ఇద్దరు సామాజిక శాస్త్రవేత్తలు ఉండాలని చట్టంలోనే ఉంది. ఇప్పుడు ఆ చట్టంలో కుటుంబం అన్న మాటకు అర్థం చూడండి. పెళ్లయినా కాకపోయినా, ఆడైనా మగైనా, వయోజనులైన ప్రతి ఒక్కరూ వేరే కుటుంబం కింద లెక్క. భర్త పోయిన స్త్రీ, విడాకులైన స్త్రీ, కుటుంబం వదిలేసిన స్త్రీ, వీరూ వేరే కుటుంబాలే. పొయ్యి ఒకటే కదా అని సర్వేలో ఒక్క కుటుంబం అని రాస్తే, అదే ఇంట్లో ఉన్న పెళ్లికాని కూతురు, పుట్టింటికి తిరిగొచ్చిన అక్క పునరావాసం జాబితాలో నుంచి జారిపోతారు. సరిగ్గా గీసిన వంశవృక్షం ఉంటే వాళ్లు జారరు. తరగతిలో గీసిన త్రిభుజాలు, వృత్తాలు అక్కడ ఒక మనిషికి ఇంటి స్థలం అవుతాయి.

అటవీ హక్కుల చట్టం, 2006ది, ఇంకా స్పష్టంగా చెబుతుంది. గిరిజనులు కాని అటవీవాసులు 2005 డిసెంబరు 13కి ముందు మూడు తరాలుగా, అంటే 75 ఏళ్లుగా అక్కడున్నట్టు చూపాలి. నియమాల్లో సాక్ష్యాల జాబితా ఉంది. పాత రికార్డుల్లో ఉన్న మనుషుల దాకా వెళ్లే వంశవృక్షం అందులో ఒకటి. ఆచారాల మీద పేరున్న సంస్థలు చేసిన పరిశోధనా పత్రాలూ సాక్ష్యమే. ఇటువంటి పనులకు మనుషులను తీసుకునే చోట్లు గిరిజన సంక్షేమ శాఖలు, గిరిజన పరిశోధనా సంస్థలు, స్వచ్ఛంద సంస్థలు, ప్రపంచ బ్యాంకు రుణంతో నడిచే ప్రాజెక్టుల్లోని సామాజిక విభాగాలు. ప్రకటనలో సోషల్ డెవలప్‌మెంట్ స్పెషలిస్టు, సేఫ్‌గార్డ్స్ ఆఫీసర్, రీసెటిల్‌మెంట్ ఎక్స్‌పర్ట్ అని ఉంటుంది.

ఈ పని మన గడ్డ మీద కొత్తది కాదు. 1940లో జోడేఘాట్‌లో కొమరం భీం చనిపోయాక, గోండుల కష్టాలేమిటో తేల్చమని నిజాం ప్రభుత్వం ఆస్ట్రియాలో పుట్టిన ఆంత్రోపాలజిస్టు హైమెన్‌డార్ఫ్‌ను అడిగింది. ఆయన భార్య బెట్టీతో కలిసి ఆదిలాబాద్ వైపు మార్లవాయిలో కాపురముండి గోండుల సగలు (వంశాల గుంపులు), పెళ్లి నియమాలు, భూముల తీరు రాసుకున్నాడు. నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవుళ్ల సగలు. ఒకే సగలోవాళ్లు అన్నదమ్ముల కింద లెక్క, వాళ్ల మధ్య పెళ్లి లేదు. ఆ నివేదికల తర్వాత పట్టాలు వచ్చాయి, గోండు టీచర్లకు శిక్షణ ఇచ్చే కేంద్రం మార్లవాయిలోనే వచ్చింది. ఇద్దరి సమాధులూ అక్కడే ఉన్నాయి. ఊరివాళ్లు ఇప్పటికీ పూలు పెడతారు. 1950ల మొదట్లో, ఆంత్రోపాలజిస్టు ఎస్.సి. దూబే హైదరాబాద్ దగ్గరి షామీర్‌పేటను ఉస్మానియా బృందంతో అధ్యయనం చేశారు. మన దేశంలో ఒక ఊరిని పూర్తిగా వర్ణించిన తొలి గ్రంథాల్లో అదొకటి.

ఆరోగ్య రంగంలోనూ ఇదే పటం కావాలి. వంశపారంపర్యంగా వచ్చే సికిల్ సెల్ రక్తహీనత నిర్మూలన మిషన్ 2023 జూలై 1న మొదలైంది, 2047 లక్ష్యం. అమ్మా నాన్నా ఇద్దరూ వాహకులైతే, అంటే జబ్బు లేకుండా దాని జన్యువును మోస్తున్నవాళ్లైతే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. మేనరికాలున్న చోట ఒక వాహకుడు దొరికితే ఏ వైపు చుట్టాలకు ముందు పరీక్ష చేయాలో వంశవృక్షం చూసి తేల్చవచ్చు. అదే పటం అజాగ్రత్తగా వాడితే ఆ ఇంటి అమ్మాయికి సంబంధాలు తప్పిపోతాయి. కౌన్సెలింగ్‌కి ఆ రెండూ తెలిసిన మనిషి కావాలి. ఇంకో ఉదాహరణ. ఆర్యవైశ్యుల్లో కొందరికి రక్తంలో ఒక ఎంజైమ్ లోపం మిగతావారికంటే ఎక్కువగా కనిపిస్తుంది. ఆపరేషన్ సమయంలో కండరాలు సడలడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ వాళ్లలో త్వరగా విరగదు, మనిషి మళ్లీ సొంతంగా ఊపిరి తీసుకోవడానికి ఎక్కువసేపు పడుతుంది. తరతరాలుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకోవడం దీనికి కారణం. మత్తు డాక్టరు ముందే అడగాల్సిన ప్రశ్న అది. చుట్టరికం, జన్యువులు ఒకే కాగితం మీదకు వచ్చేది ఇక్కడే. హైదరాబాద్‌లోని సీసీఎంబీ లాంటి చోట్ల జన్యు పరిశోధనకు శరీర మానవశాస్త్రం చదివినవాళ్లు పనికొస్తారు. అయితే బయాలజీ గట్టిగా ఉండాలి. పశ్చిమ ఆఫ్రికాలో 2014 ఎబోలా సమయంలో శవానికి స్నానం చేయించే ఆచారం వల్ల జబ్బు పాకింది. ఆచారాన్ని నిషేధిస్తే జనం దాచిపెట్టి ఖననం చేశారు. కుటుంబాన్ని దగ్గరుండనిచ్చి గౌరవంగా సాగనంపే పద్ధతి కుదర్చడంలో ఆంత్రోపాలజిస్టుల పాత్ర ఉంది.

హైదరాబాద్ ఐటీ వైపు చూసేవాళ్లకు యూఎక్స్ రీసెర్చ్ ఉంది, అంటే వస్తువులను, యాప్‌లను జనం నిజంగా ఎలా వాడుతున్నారో చూసి కంపెనీకి చెప్పే పని. జిరాక్స్ కంపెనీలో లూసీ సుచ్‌మన్ ఫోటోకాపీ మిషన్ ముందు మనుషులు ఎలా తికమకపడతారో చూసి రాసింది, ఇంటెల్‌లో జెనీవీవ్ బెల్ 1998లో చేరింది. ఇద్దరూ ఆంత్రోపాలజిస్టులే. ఊళ్లో ఒక ఫోను అంటే ఒక మనిషి కాదు. అత్తా కోడలూ, మనవడూ ఒకే ఫోను వాడతారు. ఓటీపీ కొడుకు దగ్గరికి వెళ్తుంది, కొడుకు గల్ఫ్‌లో ఉంటాడు. ఇది రాసుకొచ్చే మనిషిని కంపెనీలు వెతుకుతున్నాయి. అయితే వాళ్లకు ఆర్నెల్ల అధ్యయనం అక్కర్లేదు, పది రోజుల్లో పది ఇళ్లు చూసి పది స్లైడ్లలో చెప్పాలి. ఆ వేగం విశ్వవిద్యాలయంలో నేర్పరు, విడిగా సాధన చేయాలి.

బోధన, పరిశోధన దారి మీకు తెలిసిందే. ఎంఏలో 55 శాతం, రిజర్వుడు వర్గాలకు 50 శాతం, ఆపైన అధ్యాపక అర్హత పరీక్ష యూజీసీ నెట్. మొదటి పేపరు 50 ప్రశ్నలు, రెండోది 100, తప్పు జవాబుకు మార్కులు తీసేయరు. పరిశోధక విద్యార్థులకిచ్చే ఫెలోషిప్ జేఆర్‌ఎఫ్ వస్తే నెలకు 37,000 రూపాయలు, అసిస్టెంట్ ప్రొఫెసర్ మూలవేతనం 57,700తో మొదలు. కాకపోతే విభాగాలు తక్కువ, ఖాళీలు నింపడం ఆలస్యం. 1945లో ఏర్పడిన ఆంత్రోపలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా కోల్‌కతా కేంద్రంగా పనిచేస్తుంది, దక్షిణాది కేంద్రం మైసూరులో ఉంది. మ్యూజియం పని ఇష్టమైతే భోపాల్‌లో మానవ సంగ్రహాలయం ఉంది.

సివిల్స్ గురించి. యూపీఎస్సీ మెయిన్స్‌లో ఆంత్రోపాలజీ ఆప్షనల్, రెండు పేపర్లు, ఒక్కోటి 250 మార్కులు. సిలబస్ కుదురుగా ఉంటుంది, బొమ్మలు గీస్తే మార్కులొస్తాయి, అందుకే ఇంజినీర్లు కూడా తీసుకుంటారు. కానీ ఆప్షనల్ కోసమే రెండేళ్ల పీజీ చేయనక్కర్లేదు. మన రెండు రాష్ట్రాల గ్రూప్ 1 మెయిన్స్‌లో ఆప్షనల్ సబ్జెక్టే లేదన్నది చాలామంది మరిచిపోతారు.

దరఖాస్తులో ఎంఏ ఆంత్రోపాలజీ అని రాసి ఊరుకోకండి. ఇలా రాయండి: 28 రోజుల ఫీల్డ్‌వర్క్, 90 ఇళ్ల జాబితా, 14 వంశవృక్షాలు, 20 ఇంటర్వ్యూలు, ఎన్‌వివో సాఫ్ట్‌వేర్‌లో కోడింగ్, గోండీ అర్థమవుతుంది. చదివేవాళ్లకు ఏం చేయగలరో అప్పుడు తెలుస్తుంది. దానికి అనుబంధంగా నాలుగు పేజీల ఫీల్డ్ నోట్సు, పేర్లు మార్చి, పెట్టండి.

ప్రశ్నలు రెండు వచ్చాయి.

బీఎస్సీ కంప్యూటర్స్ వాళ్లు రావచ్చా అని ఒక అబ్బాయి అడిగాడు. రావచ్చు. మొదటి సెమిస్టర్‌లో సిద్ధాంతాల పేర్లు కొత్తగా ఉంటాయి, అంతే. డేటా శుభ్రం చేయడం, మ్యాపులు గీయడం వచ్చిన మనిషి ఊరి పటం కూడా గీయగలిగితే ప్రాజెక్టుల్లో ముందు అతన్నే పిలుస్తారు.

ఆడపిల్లను నెల రోజులు ఏజెన్సీకి ఎలా పంపేదని ఒక అమ్మ అడిగారు. అమ్మా, ఆ భయం న్యాయమైనదే. జట్టుగా పంపుతారా, బస ఎక్కడ, బాత్రూమ్ ఉందా, ఏ అధ్యాపకులు ఎన్ని రోజులు వెంట ఉంటారు, ఇవి విభాగంలో రాతపూర్వకంగా అడగండి. చాలాసార్లు ఆశ్రమ పాఠశాలలోనో, హాస్టల్‌లోనో ఉంచుతారు. పురుటి గది, వంటిల్లు, నెలసరి ఆచారాలు, ఇవన్నీ అమ్మాయిలకే తెరుచుకుంటాయి, అబ్బాయి నెల రోజులున్నా వాటి గుమ్మం దాటలేడు. బ్యాగులో దోమతెర తప్పకుండా పెట్టండి. చలి, జ్వరం వస్తే ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుని సరిపెట్టుకోకుండా, అదే రోజు పీహెచ్‌సీకి వెళ్లి మలేరియా రక్తపరీక్ష చేయించుకోమని చెప్పండి. తిరిగొచ్చాక నెల లోపు జ్వరం వచ్చినా ఏజెన్సీకి వెళ్లొచ్చానని డాక్టరుకు ముందే చెప్పాలి.